బేరింగ్ పోతే పోనీ, థ్రెడ్ పోకూడదు

పోయిన ఆదివారం రైడ్‌లో ఒకచోట ఆగి నీళ్ళు తాగుతున్నాం. మా తమ్ముడి సైకిల్‌కి బాటమ్ బ్రాకెట్ (బీబీ), అంటే పెడళ్ళు తగిలించే రెండు చేతుల్ని, అదే క్రాంకుల్ని, కలిపే ఇరుసూ దాని బేరింగులూ, ఇంట్లోనే మార్చానని చెప్తే ఒక ఫ్రెండ్ మొత్తం ఓపిగ్గా విని, చివర్లో ఒకటే మాటన్నాడు. "ఆ పుల్లరూ, ఆ పళ్ళ టూలూ, గ్రీజూ అన్నీ కొన్న డబ్బుతో మెకానిక్ దగ్గర మూడుసార్లు చేయించుకోవచ్చు కదరా, ఎన్నేళ్ళకోసారి వస్తుందా పని, ఎందుకు నీకీ తంటా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఎందుకంటే వాడి లెక్కలో తప్పేం లేదు. అచ్చంగా డబ్బులే చూసుకుంటే ఇంట్లో బీబీ మార్చుకోవడం చాలామందికి గిట్టుబాటు కాదు, నేనూ ఒప్పుకుంటా. సొంతంగా చేసుకుంటే వచ్చే తృప్తి అదీ ఇదీ అని చెప్పొచ్చు గానీ అది నాకే పూర్తిగా నమ్మకం లేని జవాబు. తృప్తి కోసమైతే చక్రం పంక్చర్ వేసుకున్నా వస్తుంది.

వారం రోజులు అదే ఆలోచించా. చివరికి నాకు తట్టింది ఏంటంటే, వాడి లెక్కలో బేరింగ్ రేటుంది, టూల్ రేటుంది, కూలీ ఉంది, కానీ ఆ బేరింగ్‌ని మనం దేంట్లోకి బిగిస్తున్నామో అది లేదు. ఫ్రేమ్ లేదు. క్రాంక్ లేదు. నేను ఆ పని ఇంట్లో చేసుకునేది బేరింగ్ కోసం కాదు. అది పోయేదే, పోవడానికే ఉంది. దాని చుట్టూ ఉన్న థ్రెడ్ కోసం, అంటే అది బిగిసే మర గీతల కోసం చేసుకుంటున్నా. ఈ మాట ఆ రోజే చెప్పుంటే బావుండేది, చెప్పలేకపోయా కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

తీగలా బయటికొచ్చిన థ్రెడ్

నాకు ఈ థ్రెడ్ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. అంతకుముందు ఒక అల్యూమినియం ఫ్రేమ్ సైకిల్ ఉండేది, తొమ్మిదేళ్ళు తొక్కా. బీబీ పోతే ఒక షాపులో ఇచ్చా. ఏ షాపు, ఎవరు అనేది అనవసరం. పని చేసిన కుర్రాడు మంచివాడే, ఆ రోజు వాడి ముందు వరసగా పదకొండు సైకిళ్ళున్నాయి, నేను కూర్చుని లెక్కపెట్టా. కొత్త కప్పుని, అంటే బేరింగ్‌ని పట్టుకుని ఫ్రేమ్‌లోకి బిగిసే గుండ్రటి ముక్కని, మొదటి చుట్టు నుంచే పానాతో తిప్పాడు. నాకెందుకో కప్పు అంచు ఒకవైపు ఫ్రేమ్‌కి దగ్గరగా, ఒకవైపు దూరంగా కనిపించింది. "కొంచెం వంకరగా పోతున్నట్టుంది కదా" అన్నా. "కొత్తది కదన్నా, టైటుగానే ఉంటది" అన్నాడు, పానా చివర పైపు తొడిగి ఇంకో పట్టు పట్టాడు. లోపలికైతే వెళ్ళింది. గట్టిగా కూర్చుంది కూడా. నేను డబ్బులిచ్చి వచ్చేసా.

ఎనిమిది నెలలు ఏం కాలేదు. తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు కిర్రు మనేది, బిగిస్తే పోయేది, రెండు వారాలకి మళ్ళీ వచ్చేది. మూడోసారి బిగిస్తుంటే బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంది. అప్పుడు విప్పి చూస్తే కప్పుతో పాటు వెండి రంగులో సన్నటి తీగ లాంటిది చుట్టలు చుట్టుకుని బయటికొచ్చింది, చేత్తో లాగితే స్ప్రింగులా సాగింది. ఏ చెత్తో పడిందనుకున్నా ముందు. వేలు లోపల పెట్టి తడిమితే గీతలుండాల్సిన చోట నున్నగా ఉంది. ఆ తీగ నా ఫ్రేమ్ థ్రెడ్.

దానికి దారుల్లేవని కాదు. మామూలు సైకిళ్ళకి ఎక్కువగా వచ్చే ఇంగ్లీష్ థ్రెడ్ 1.37 అంగుళాలు, అంటే దాదాపు 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. ఇటాలియన్ థ్రెడ్‌కీ అంగుళానికి 24 చుట్లే గానీ వెడల్పు 36 మిల్లీమీటర్లు. కాబట్టి పాడైన ఇంగ్లీష్ థ్రెడ్‌ని చెక్కేసి ఇటాలియన్ థ్రెడ్ కోయొచ్చు, కానీ ఆ కటింగ్ టూల్ ఉన్నవాళ్ళు తక్కువ, పైగా అది ఒక్కసారికే, ఆ తర్వాత కోయడానికి లోహం మిగలదు. నాకు టూల్ ఉన్నవాళ్ళు దొరకలేదు. థ్రెడ్‌తో పని లేకుండా రెండు వైపుల నుంచీ ఒకదాన్నొకటి లాక్కుని బిగిసే రకం బీబీ ఒకటి వేసి ఇంకొన్నాళ్ళు నడిపా. సైకిల్ నడిచింది గానీ దాన్ని చూసినప్పుడల్లా ఆ తీగ గుర్తొచ్చేది.

ఆ కుర్రాడికి పని రాదని నేననను. నాకంటే బాగా వచ్చు. వాడికి లేనిది టైం. కప్పుని ముందు వేళ్ళతో పట్టుకుని, సరిగ్గా దారి దొరికిందో లేదో చూసుకుని, దొరక్కపోతే తీసి తుడిచి మళ్ళీ పెట్టే ఐదు నిమిషాలు వాడి దగ్గర లేవు. నా దగ్గరున్నాయి. నా వాదన మొత్తం ఆ ఐదు నిమిషాల చుట్టూనే.

అరగాల్సింది, అరగకూడనిది

సైకిల్‌లో కొన్ని భాగాలు అరిగిపోవడానికే ఉన్నాయి. చైన్, బ్రేక్ రబ్బర్లు, టైరు, బేరింగ్. వీటిని నేను ఖర్చు కిందే చూస్తా. ఫ్రేమ్ షెల్ (బీబీ కూర్చునే గొట్టం) లోపలి థ్రెడ్, క్రాంక్ మధ్యలో ఉండే నాలుగు పలకల రంధ్రం, ఆ రంధ్రం ముందు, క్రాంక్‌ని ఊడలాగే పుల్లర్ కోసం ఉండే థ్రెడ్, ఇవి మాత్రం సైకిల్ ఉన్నన్నాళ్ళూ ఉండాలి. చిక్కేంటంటే అరగాల్సింది అరిగాక కూడా మనం తొక్కుతూ పోతే ఆ దెబ్బ అరగకూడనిదాని మీద పడుతుంది. బేరింగ్ లూజైతే ఇరుసు ఊగుతుంది, ఇరుసు ఊగితే కప్పు కదులుతుంది, కప్పు కదిలితే థ్రెడ్‌ని తినేస్తుంది.

అందుకే ఎప్పుడు విప్పాలో తెలియడం ఎలా విప్పాలో తెలియడం కంటే ముఖ్యం అంటాను నేను. దానికి టూల్స్ కూడా అక్కర్లేదు. క్రాంక్‌ని పట్టుకుని ఫ్రేమ్ వైపుకీ బయటికీ నెట్టి లాగి చూడాలి, తిప్పకూడదు, అడ్డంగా నెట్టాలి. ఆట ఉంటే చేతికి టక్కు టక్కుమని తెలుస్తుంది. అప్పుడు రెండో వైపు క్రాంక్ మీద ఇంకో చెయ్యి వెయ్యాలి. రెండూ కలిసి కదిలితే లోపల బేరింగ్ గానీ కప్పు గానీ లూజు. ఒకటే కదిలితే బేరింగ్ బానే ఉంది, ఆ క్రాంకే ఇరుసు మీద లూజైంది. ఈ తేడా తెలియక బేరింగులు మార్పించుకున్నవాళ్ళున్నారు, బేరింగ్ పోయిందనుకుని భయపడి తొక్కడం మానేసినవాళ్ళూ ఉన్నారు.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. చైన్‌ని చైన్‌రింగ్ (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం) మీద నుంచి దించేసి, పొడుగు స్క్రూడ్రైవర్ మొన బీబీ షెల్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని క్రాంక్ మెల్లగా తిప్పాలి. మంచి బేరింగ్ అయితే గ్రీజులో ఏదో పాకుతున్నట్టు మెత్తగా ఉంటుంది. నీళ్ళు దూరినదైతే ఇసక నలుగుతున్నట్టు. బాల్స్ తిరిగే దారిలో గుంటలు పడ్డదైతే చుట్టుకొకసారి ఒకేచోట కటుక్కుమంటుంది. మా తమ్ముడి సైకిల్ ఈ మూడో రకం.

అయితే శబ్దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. సీటు పోస్టులో కిర్రుమన్నా, పెడల్ బేరింగ్ పోయినా, చైన్‌రింగ్ బోల్టులు వదులైనా ఫ్రేమ్ గొట్టాల గుండా పాకి అచ్చం బీబీ నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. నిలబడి తొక్కినప్పుడు పోతే సీటు అనుకోవాలి, ఒక కాలితో తొక్కినప్పుడు మాత్రమే వస్తే ఆ వైపు పెడల్ చూడాలి. బీబీ చివర్లో అనుమానించాల్సింది, అందరూ మొదట అనుమానిస్తారు.

తమ్ముడి సైకిల్, నా తప్పు

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే సంగతి నేనే చెప్పాలి. ఇంట్లో చేసుకుంటే థ్రెడ్ బాగుంటుంది అంటున్నా కదా, నేను ఇంట్లో చేసిన మొదటిసారి థ్రెడ్ పోగొట్టా. అదీ నాది కాదు, మా తమ్ముడిది.

మూడేళ్ళ కింద వాడి పాత సైకిల్. నాలుగు పలకల ఇరుసు, అంటే స్క్వేర్ టేపర్. ఈ రకంలో క్రాంక్ బోల్టు తీశాక కూడా క్రాంక్ చేత్తో లాగితే రాదు, ఇరుసు చివర కొద్దిగా సన్నబడుతూ ఉంటుంది, క్రాంక్ దాని మీదికి గట్టిగా దిగి కరుచుకుని ఉంటుంది. పుల్లర్‌ని క్రాంక్ థ్రెడ్‌లోకి తిప్పి, మధ్య మరతో ఇరుసుని నెడితే క్రాంక్ బయటికొస్తుంది. ఆ క్రాంక్ థ్రెడ్ 22 మిల్లీమీటర్ల వెడల్పు, గీతకీ గీతకీ మధ్య ఒక్క మిల్లీమీటర్, అదీ మెత్తటి అల్యూమినియంలో. నేను పుల్లర్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, ఆగింది కదా అయిపోయిందనుకుని, మధ్య మరని పానాతో బిగించడం మొదలుపెట్టా. నిజానికది పూర్తిగా దిగలేదు, లోపల మట్టి అడ్డుపడి ఆగింది. మూడో పట్టుకి పుల్లర్ మొత్తం ఊడి చేతిలోకొచ్చింది, దాంతో పాటు క్రాంక్ థ్రెడ్ కూడా. "ఏమైందన్నయ్యా?" అన్నాడు వాడు. చెప్పా. వాడేం అనలేదు, ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది. కొత్త క్రాంక్ నేనే కొనిచ్చా.

కాబట్టి ఇంట్లో చేస్తే చాలు అంతా బావుంటుందని నేనంటే అబద్ధమవుతుంది. ఆ రోజు నాకు టైం ఉంది, మరి ఆ టైం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బేరింగ్ చూడాలన్న ఆత్రంలో థ్రెడ్‌ని దాటేశా. షాపు కుర్రాడు తొందరలో చేసింది నేను తీరికగా చేశా, ఫలితం ఒకటే. ఈ సంగతి చాలా రోజులు నన్ను కుదిపింది, ఇలాంటి పనులు వచ్చినవాళ్ళకే వదిలేయాలేమో అని కూడా అనుకున్నా.

మళ్ళీ మనసు మారింది ఎందుకంటే, తర్వాత ఒకసారి ఇంకో సైకిల్‌లో కప్పు తుప్పు పట్టి జామైపోతే దాన్ని ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా. స్టీల్ ఫ్రేమ్, లోపల అల్యూమినియం కప్పు, ఏళ్ళ తరబడి గ్రీజు లేకుండా ఉంటే ఈ రెండు లోహాలూ తడికి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఆయన ముందు చెప్పిన మాట, "ఈరోజు కాదు బాబూ, రేపు రా" అని. నూనె పోసి రాత్రంతా వదిలేశారు. మర్నాడు కప్పు విప్పే పళ్ళ టూల్‌ని కప్పులో పెట్టి, అది జారిపోకుండా పెద్ద వాషర్ వేసి క్రాంక్ బోల్టుతోనే ఇరుసుకి బిగించి పట్టారు. ఆ టూల్‌ని బెంచి వైస్‌లో బిగించి, పానా తిప్పకుండా ఫ్రేమ్‌నే స్టీరింగులా మెల్లగా తిప్పారు. ఫ్రేమ్ అంత పొడుగు పిడి ఇంకేముంటుంది. కీచుమని ఒక్క అరుపు అరిచి వదిలింది.

నేను అక్కడ నేర్చుకున్నది మాత్రం అది కాదు. కొత్తది ఎక్కించేటప్పుడు ఆయన కప్పుని మూడు వేళ్ళతో పట్టుకుని ముందు వెనక్కి తిప్పారు, బిగించే దిశలో కాదు, విప్పే దిశలో. "బాబాయ్, అటు కాదు కదా" అన్నా. "విను" అన్నారు. మెల్లగా తిప్పుతుంటే ఒకచోట టక్ మని కప్పు అర మిల్లీమీటరు లోపలికి దిగింది. అంటే కప్పు మీది గీత మొదలు, ఫ్రేమ్ గీత మొదలుని దాటి పక్కన పడింది. అక్కడ ఆపి, అప్పుడు బిగించే వైపు తిప్పారు. మొత్తం లోపలి దాకా వేళ్ళతోనే వెళ్ళింది. పానా చివర్లో బిగించడానికి మాత్రమే ముట్టుకున్నారు. ఆయన దగ్గరా సైకిళ్ళు వరసలో ఉన్నాయి మరి, అయినా ఆ టక్ కోసం ఆగారు. షాపా ఇల్లా అన్నది కాదు అసలు గొడవ అని అప్పుడర్థమైంది నాకు. ఆ టక్ వినే ఓపిక ఉన్న చెయ్యి ఎవరిదైనా పర్లేదు, కానీ ఎవరి చెయ్యి అలాంటిదో మనకి ముందే తెలియదు, నా చెయ్యి సంగతి మాత్రం నాకు తెలుసు.

మొదటి రెండు చుట్లు

అందుకే తమ్ముడి కొత్త సైకిల్‌కి ఈసారి సగం పొద్దు పెట్టుకుని కూర్చున్నా. వాడు పక్కనే ఉన్నాడు, పాత సంగతి ఇద్దరం ఎత్తలేదు.

క్రాంక్ బోల్టు తీశాక పుల్లర్ పెట్టే ముందు ఆ థ్రెడ్‌ని కిరసనాయిల్‌లో ముంచిన పాత టూత్ బ్రష్‌తో తోమా, బట్టతో తుడిచా, టార్చ్ వేసి చూశా. లోపల వాషర్ ఏదన్నా మిగిలిపోయిందేమో కూడా చూసుకోవాలి, వాషర్ ఉండిపోతే పుల్లర్ ఇరుసుని నెట్టకుండా వాషర్‌ని నెడుతుంది, అది క్రాంక్‌కే ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా థ్రెడ్ చిరగడం తప్ప ఏమీ జరగదు. పుల్లర్‌ని వేళ్ళతో ఆగేదాకా తిప్పి, పానాతో ఇంకాస్త ఆనించి, లోపలికి ఎన్ని గీతలు వెళ్ళాయో పక్కనుంచి చూసి, అప్పుడు మధ్య మర ముట్టుకున్నా. పొక్ మని వచ్చేసింది.

కప్పుల దగ్గర అందరూ తికమక పడేది దిశ. ఇంగ్లీష్ థ్రెడ్ ఉన్న ఫ్రేమ్‌లో చైన్ వైపు, అంటే కుడి కప్పు రివర్స్ థ్రెడ్, ఎడమది మామూలు థ్రెడ్. గడియారం దిశ, వ్యతిరేక దిశ అని గుర్తుపెట్టుకుంటే సైకిల్ తిరగేసి పెట్టినప్పుడు బుర్ర పని చెయ్యదు. నేను పెట్టుకున్న గుర్తు వేరే: సైకిల్ నిటారుగా నిలబెట్టి పానా పిడిని పైకి ఉంచితే, ఏ వైపు కప్పైనా సరే, పిడి ముందు చక్రం వైపు వెళ్తే విప్పినట్టు, వెనక చక్రం వైపు వెళ్తే బిగించినట్టు. పెడళ్ళకి సరిగ్గా దీనికి ఉల్టా, పిడి వెనక్కి వెళ్తే ఊడతాయి. ఇటాలియన్ థ్రెడ్‌లో రెండు వైపులా మామూలు థ్రెడ్డే కాబట్టి అక్కడ ఈ గుర్తు పని చెయ్యదు, షెల్ వెడల్పు 68 గానీ 73 గానీ మిల్లీమీటర్లు ఉంటే ఇంగ్లీష్, 70 ఉంటే ఇటాలియన్ అనుకుని మొదలుపెట్టొచ్చు.

ఈ రివర్స్ ఎందుకో తెలిస్తే మర్చిపోం. పెన్సిల్‌ని పిడికిట్లో వదులుగా పట్టుకుని దాని పై కొసని గుండ్రంగా తిప్పితే, పెన్సిల్ తన చుట్టూ తాను ఎదురు దిశలో దొర్లుతుంది. కప్పు కూడా ఫ్రేమ్‌లో అంతే, కంటికి కనపడనంత సందులో, తొక్కే భారం చుట్టూ తిరుగుతుంటే దానికి ఎదురు దిశలో వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరగడం బిగిసే వైపే ఉండాలని కుడివైపు రివర్స్ పెట్టారు. ఇటాలియన్ ఫ్రేముల్లో కుడి కప్పు ఊరికే వదులవుతుందనే పేరు అందుకే వచ్చింది.

లోపలున్నది సీల్డ్ కాట్రిడ్జ్ రకం, అంటే ఇరుసూ బేరింగులూ ఒకే దిమ్మలో మూసేసి వచ్చేది, 20 పళ్ళ టూల్‌తో తీసేది. ముందు ఎడమ కప్పు తీసి, తర్వాత కుడివైపు నుంచి మొత్తం దిమ్మ బయటికి. షెల్ అడుగున ఒక చెంచాడు బురద నీళ్ళున్నాయి, సీటు గొట్టం నుంచి దిగినవి. బీబీ షెల్ సైకిల్‌కి అట్టడుగు కాబట్టి పైన ఎక్కడ తడిసినా అక్కడికే చేరతాయి. పాత దిమ్మ ఇరుసుని తమ్ముడు వేళ్ళతో తిప్పి చూశాడు. "ఇక్కడ తగుల్తోంది అన్నయ్యా" అని మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ అక్కడే ఆపాడు.

కొత్తది పెట్టే ముందు థ్రెడ్ తోమడానికే అరగంట పట్టింది, గ్రీజు ధారాళంగా రాశా. కుడివైపు వెనక్కి తిప్పితే మొదట టక్ రాలేదు. తీసి తుడిచి మళ్ళీ పెట్టా, రాలేదు. మూడోసారి వచ్చింది. మొదటి రెండు చుట్లకి పది నిమిషాలు పట్టినట్టుంది, తర్వాత మిగతా థ్రెడ్ అంతా నిమిషంలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా. ఈ రకం కప్పులకి 50 నుంచి 70 న్యూటన్ మీటర్లు, క్రాంక్ బోల్టులకి 35 నుంచి 50. బలం వాడాల్సిన చోటు అదొక్కటే, అది ఆఖర్న వస్తుంది.

నా వాదన సరిపోని చోట్లు

పాత రకం కప్పు, లాక్ రింగు, వైపుకి పదకొండేసి చొప్పున పావు అంగుళం బాల్స్ ఉండే బీబీల మీద నాకు ప్రేమ ఉంది. సైకిల్‌కి బాల్ బేరింగ్ చరిత్ర చిన్నదేం కాదు, ప్యారిస్‌లో జూల్స్ సురిరే 1869లో పేటెంట్ తీసుకున్నాడు, అదే ఏడాది నవంబర్‌లో ప్యారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన రేసులో జేమ్స్ మూర్ గెలిచిన సైకిల్‌కి అవే బేరింగులు. ఆ రకాన్ని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, బాల్స్ మాత్రం మార్చి, లాక్ రింగుతో లూజు సరిచేసుకోవచ్చు. ముందే కనిపెడితే ముందే బాగుచెయ్యొచ్చు. సీల్డ్ కాట్రిడ్జ్‌లో ఆ అవకాశం లేదు, ఇసక చప్పుడు విన్నా చేసేదేం ఉండదు, పోయేదాకా తొక్కి పారేయడమే. అలాంటప్పుడు ఇంట్లో టూల్ ఎందుకు అని ఎవరన్నా అడిగితే న్యాయమే. కానీ నిజం చెప్పాలంటే ఆ పాత రకం సర్దుబాటు చేతకానివాళ్ళ దగ్గర తొందరగా పోయేది, లూజు ఉంచితే బాల్స్ కొట్టుకునేవి, మరీ బిగిస్తే దారి మీద గుంటలు పడేవి. కాట్రిడ్జ్ వచ్చాక అలా పోవడం పోయింది. బేరింగ్ వరకూ కాట్రిడ్జే మేలని ఒప్పుకుంటా. థ్రెడ్ మాత్రం రెండింటికీ ఒకటే, దాన్ని ఏ కంపెనీ సీల్ చేసి ఇవ్వదు.

ఊరికే ఊరికే విప్పడం కూడా మంచిది కాదు. ఏటా విప్పి గ్రీజు రాయాలనే మాట నేనూ నమ్మి రెండేళ్ళు చేశా, ఇప్పుడు మానేశా. అల్యూమినియం షెల్‌లో కప్పు తీసి పెట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, ఒకసారి మంచి గ్రీజుతో సరిగ్గా ఎక్కించిన కప్పుని గుర్తులు కనిపించేదాకా కదపకుండా ఉంచడమే నయం. ఏడాదికోసారి సీటు పోస్టు తీసి సైకిల్ తిరగేసి నీళ్ళు కారనిస్తే చాలు.

ఇక ప్రెస్ ఫిట్. అక్కడ థ్రెడ్డే లేదు, షెల్ రంధ్రంలోకి బేరింగ్‌నో కప్పునో నొక్కి దించేస్తారు. అక్కడ కాపాడుకోవాల్సింది ఆ రంధ్రం గుండ్రదనం. వంకరగా దిగితే చెప్పడానికి టక్ లాంటిదేదీ ఉండదు, వేళ్ళతో మొదలుపెట్టే వీలే లేదు. నేనైతే కార్బన్ ఫ్రేమ్ ప్రెస్ ఫిట్‌ని ఇంట్లో ముట్టుకోను, సరైన ప్రెస్ ఉన్నవాళ్ళకే ఇస్తా. కొన్ని కంపెనీలు మళ్ళీ టీ47 అని 47 మిల్లీమీటర్ల థ్రెడ్ షెల్ వైపుకి రావడం చూస్తే మాత్రం సంతోషంగా ఉంది.

మెకానిక్‌ల పని మనం లాక్కుంటున్నట్టు కాదా అని కూడా అనుకున్నా ఒకసారి. ఆ పెద్దాయన దగ్గర ఫ్రేమ్‌ని తిప్పి కప్పు ఊడదీయించుకున్నాక ఆ అనుమానం పోయింది. అలాంటి పని నేను ఇంట్లో ఎప్పటికీ చెయ్యలేను, దానికి ఆయన అడిగినదానికంటే ఎక్కువే ఇవ్వాలనిపించింది.

ఇంతకీ ఆ ఫ్రెండ్ సంగతి. ఆ ఆదివారం బయల్దేరే ముందు అలవాటుగా వాడి క్రాంక్ పట్టుకుని నెట్టి చూశా. ఎడమది ఒక్కటే కదిలింది. "బేరింగ్ కాదురా, క్రాంక్ లూజు, ఇలా తొక్కకు" అన్నా. ఇద్దరి దగ్గరా 8 నంబర్ ఎలెన్ కీ లేదు. వాడు ఇంకో ఇరవై కిలోమీటర్లు అలాగే తొక్కాడు. నిన్న ఇంటికి తెచ్చాడు. క్రాంక్ తీసి వెలుతురులో పట్టుకుంటే నాలుగు పలకల రంధ్రం మూలలు గుండ్రంగా అయిపోయాయి, ఇరుసు అంచులు అల్యూమినియంని తొలిచిన గీతలు మెరుస్తున్నాయి. ఇక ఎంత బిగించినా అది నిలబడదు. ఇరుసుని వేళ్ళతో తిప్పి చూడమన్నా. మెత్తగా తిరిగింది, చప్పుడే లేదు. బేరింగ్‌కి ఏమీ కాలేదు.

వాడు చాలాసేపు ఆ రంధ్రాన్నే చూశాడు. క్రాంక్ కొత్తది రావాలి కాబట్టి, ఈలోపు కప్పులు ఎప్పుడన్నా గ్రీజు చూశాయో లేదో అని అవీ తీశాం. చూడలేదు, థ్రెడ్ నిండా పొడి తెల్లటి మడ్డి. తోమడం వాడే తోమాడు. గ్రీజు డబ్బా మూత తీసిచ్చి, కుడివైపు పెట్టి ముందు విప్పే వైపు తిప్పమన్నా. రెండుసార్లు ఏం రాలేదు. మూడోసారి వాడి చెయ్యి ఆగిపోయింది.

"ఇదేనా?" అన్నాడు.

ఇదే అన్నా.